గౌరునాయుడి గుండె నుంచి తలకు

జిల్లాను మూడు చేసినప్పుడు సిబ్బందిని కూడా తలా మూడు చేయాల్సి వచ్చింది కాబట్టి, సీనియర్ అసిస్టెంట్ గౌరునాయుడి తలకు మెట్టవరంలోనూ, చేతులకు రేవుపాడులోనూ, గుండెతో సహా మిగతా ఒంటికి కొండగూడెంలోనూ పోస్టింగ్ ఇచ్చారు. తల ఫైళ్లు చదివేది, చేతులు సంతకాలు పెట్టేవి. ఇంటద్దె భత్యం ఒళ్లున్న చోటికే ఇచ్చారు.

చిక్కల్లా కబుర్ల దగ్గరే వచ్చింది. తల అనుకున్నది చేతులకు తెలియాలి, కడుపులో ఆకలి నోటికి తెలియాలి. మధ్యలో కబుర్లు మోసే సాఫ్ట్‌వేర్ కొనాలని తీర్మానించి, మూడు రకాలను పోల్చి చూసే పని ఇందుమతి అనే ఇంజనీరుకు అప్పగించారు. పరీక్షకు గౌరునాయుణ్ణి తీసుకున్నారు.

మొదటి రకం కబురును ఒక్కసారి విసిరేస్తుంది. అందితే అందినట్టు, లేకపోతే లేదు. అది పెట్టినన్నాళ్లూ గౌరునాయుడు పూటవిడిచి పూట పస్తున్నాడు. రెండోది రసీదు వచ్చేదాకా పంపుతూనే ఉంటుంది. దారిలో రసీదు పోయిన రోజున చేతులు ఒకే సంతకాన్ని సాయంత్రం దాకా పెట్టాయి. మూడోది కచ్చితంగా ఒక్కసారే చేరుస్తుంది, కాకపోతే మూడు ఊళ్లూ ఒప్పుకున్నాకే. పై అధికారులకు ఇదే నచ్చింది. అందరికీ పెట్టించారు.

ఒక మంగళవారం కొండగూడెంలో గుండె నొప్పి మొదలైంది. కబురు బయల్దేరింది. కొండగూడెం ఒప్పుకుంది, మెట్టవరం ఒప్పుకుంది, రేవుపాడులో కరెంటు లేదు. అరవడానికి నోరు ఒక ఊళ్లో, ఛాతీ పట్టుకోవడానికి చేతులు మరో ఊళ్లో ఉన్నాయి. కుర్చీలో ఒళ్లు కదలడం లేదని ఎవరూ గమనించలేదు. ఆఫీసు వేళల్లో అది మామూలే.

కరెంటు వచ్చేసరికి కబురు మరణవార్తగా మారింది. మరణవార్తను సంబంధిత ఉద్యోగే ధ్రువీకరించి మీట నొక్కాలి. నొక్కాల్సిన చేతులు తల చెబితేగాని కదలవు. తలకింకా తెలియదు.

భార్య రవణమ్మ కొండగూడెంలో ఒంటిని దహనం చేయించి మెట్టవరం వచ్చింది. ఇందుమతి ఆఫీసు గుమ్మంలోనే ఆపింది.

"మీరు చెప్పకండమ్మా. కబురు వరసలో ఉంది. మీరూ చెబితే రెండుసార్లు అందినట్టవుతుంది."

"మరెప్పుడందుతాది తల్లీ? మా ఊళ్లో అయితే చావు కబురు ఓ మనిషి సైకిలేసుకొచ్చి చెప్పిపోతాడు. మంచినీళ్లయినా తాగడు."

"రేవుపాడు ఒప్పుకోవాలమ్మా."

"కాల్చొచ్చినాక ఒప్పుకోడమేటమ్మా?"

చెప్పనంటేనే వెళ్లమని ఇందుమతి దారి ఇచ్చింది. వాళ్లింట్లో ఉద్యోగం చూసిన మొదటి మనిషి ఆమె. పద్ధతి తప్పడం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఏ కబురూ దారిలో తప్పిపోలేదని, ఏదీ రెండుసార్లు రాలేదని అప్పటికే నివేదిక పంపేసింది.

రవణమ్మ వెళ్లి మొగుడి తల ఉన్న బల్ల ముందు కూర్చుంది.

"కళ్లు అలాగుబ్బిపోనాయేటే?" అంది తల.

"పొగ తగిలిందండీ." క్యారియరు మూత తీయబోయి ఆగింది. "గుండిల్లో ఏటైనా నొప్పిగా ఉందేటండీ?"

"నేదే. బానే ఉన్నాను. ఆకలి కూడా ఎయ్యట్లేదు."

ఆ మాట విని హాల్లోని మిగతా తలలు చదవడం ఆపాయి. తమ గుండెల్లో కూడా ఏమైనా నొప్పి ఉందేమోనని కాసేపు ఆలోచించాయి. ఏ కబురూ రాలేదు. మళ్లీ ఫైళ్ల వైపు తిరిగాయి.