ఉప్పుకాల్వ సెంటర్లో పదకొండు మంది

రోడ్డు దాటడం ఒక చెడ్డ అలవాటు. చుట్ట, నశ్యం, పేకాట... ఆ వరుసలో చేర్చాల్సిన వ్యసనం. మన పెద్దలు దీన్ని కనిపెట్టలేకపోయారు. రోడ్లు వెడల్పు చేసేవారు కనిపెట్టారు. వారికి మనం చేతులెత్తి మొక్కాలి!

మీరే ఆలోచించండి. ఇవతల పక్క పుట్టినవాడికి అవతల పక్క ఏం పని? అక్కడేమన్నా పంచదార ఊరికే పోస్తున్నారా? అయినా మనిషి కుదురుగా ఉండడు. లుంగీ ఎగ్గట్టి, అటోసారి ఇటోసారి చూసి, ఒక్క పరుగు తీస్తాడు. సాయంత్రానికి మళ్ళీ అదే పరుగు వెనక్కి తీస్తాడు. పొద్దున వెళ్ళకుండా ఉంటే ఈ రెండు పరుగులూ మిగిలేవి కదా?

బందరు ఊరి చివర, గుడివాడ వైపు వెళ్ళే దారిలో ఉప్పుకాల్వ సెంటర్ అని ఒకటుంది. అక్కడి జనానికి ఈ వ్యసనం తాతల నాటి నుంచీ ఉంది. ఇళ్ళు సగం అటు, సగం ఇటు. బడి అటు, రేషన్ షాపు ఇటు. మసీదు ఇటు, ఖబరస్తాన్ అటు. ఇలా అడ్డదిడ్డంగా కట్టుకున్న ఊరు దాటక ఏం చేస్తుంది?

ఇప్పుడా బాధ లేదు. రోడ్డు ఆరు వరుసలైంది. మధ్యలో డివైడర్ కట్టి, దాని మీద ఇనప కడ్డీలు బిగించారు. మొత్తం ఛాతీ ఎత్తు వస్తుంది. అవతలికి వెళ్ళాలంటే నాలుగున్నర కిలోమీటర్లు వెళ్ళి, యూటర్న్ తీసుకుని, మళ్ళీ అంతే దూరం వెనక్కి రావాలి. నలభై అంగల దూరం తొమ్మిది కిలోమీటర్లయింది! ఊరు పెరగడం లేదని ఎప్పుడూ సణుగుతారే, ఇంతకంటే ఎలా పెరగాలండీ?

భాగ్యమ్మనే తీసుకోండి. ఆవిడ ఇల్లు అటు, గేదె పాక ఇటు. ఆ గేదె భాగ్యమ్మ గొంతు వింటే గానీ చేపదు, పాలు దించదు. పూర్వం రెండు పూటలా చెంబు పట్టుకుని దాటి వచ్చేది. ఇప్పుడు ఆవిడ మరిది పాకలోకి వెళ్ళి ఫోను కలిపి, స్పీకర్ పెట్టి గేదె చెవి దగ్గర ఉంచుతాడు. భాగ్యమ్మ అవతల గుమ్మంలో కూర్చుని, "నా తల్లి కదూ, నా బంగారం కదూ" అంటుంది. గేదె చేపుతుంది. ఒకరోజు సిగ్నల్ లేక దూడ కూడా పస్తు పడుకుంది. అది టవర్ తప్పు, రోడ్డు తప్పు కాదు.

ఇక ఇంటర్‌ఛేంజ్! గుడివాడ రోడ్డూ, దివిసీమ రోడ్డూ కలిసే చోట జంతిక చుట్టినట్టు కట్టారు. నాకు తెలిసిన రాకేష్ అనే కుర్రాడు పెళ్ళిచూపులకని గుడివాడ బయల్దేరాడు. ఒక లూపు ఎక్కాడు, ఇంకో లూపు దిగాడు. కారు ఆపి చూస్తే దివిసీమ. దారి అడుగుదామని ఒకరి గుమ్మంలోకి వెళ్తే, వాళ్ళు ముందు మజ్జిగ ఇచ్చారు, తర్వాత వివరాలు అడిగారు. ఆ ఇంటి అమ్మాయి ఝాన్సీలక్ష్మితో మొన్న మాఘంలో పెళ్ళయింది. గుడివాడ వాళ్ళు ఇప్పటికీ ఉప్మా మూత పెట్టుకుని ఎదురు చూస్తున్నారని వినికిడి.

అలాంటి పుణ్యక్షేత్రాన్ని ఇప్పుడు కొట్టేసి మళ్ళీ కడుతున్నారు. కొత్తదాంట్లో ఎటు వెళ్ళాలనుకున్నవాడు అటే వెళ్తాడట. ఇంకెన్ని సంబంధాలు తప్పిపోతాయో!

సరే, ఉప్పుకాల్వకే వద్దాం. ఇంత వైభోగం దానికి ఊరికే రాలేదు. దీని వెనక టీ హోటల్ సుభాని ఉన్నాడు.

సుభానికి యాభై దాటాయి. సెంటర్లో రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక పొయ్యి. వెనకే ఇల్లు. ఆ ఇంట్లో తల్లి జైతూన్ బీ. కొత్త మనిషి ఎవరొచ్చినా కడుపు నిండా పెట్టి పంపకపోతే ఆ తల్లికీ కొడుక్కీ నిద్ర పట్టదు. అసలు జబ్బు అదే.

నాలుగేళ్ళ కిందట ఒక ఉదయం సర్వే ఆయన వచ్చాడు. కుర్చీ, గొడుగు, అట్టకు బిగించిన ఫారాలు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా అక్కడ రోడ్డు దాటేవాళ్ళను లెక్కపెట్టడం ఆయన పని. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. ఎంతమంది దాటితే అంత అవసరమని తేలుతుంది. అవసరం ఉన్నచోట అండర్‌పాస్ ఇస్తారు. ఆ సంగతి జనానికి ముందే చెప్పకూడదని ఆయనకు పైనుంచి ఆర్డరు.

రోడ్డు పని మీద పెద్దాఫీసరు వస్తున్నాడని ఊళ్ళో ముందు రోజే పుకారు పుట్టింది. అవతలి పక్క వాళ్ళంతా మర్యాదగా అయిదున్నరకే దాటి వచ్చి, హోటల్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆరు గంటలకు ఆయన పెన్ను తీసేసరికి దాటాల్సినవాళ్ళెవరూ అవతల లేరు.

ఇవతలి నుంచి ఒకరిద్దరు అలవాటు కొద్దీ కదలబోయారు. సుభాని గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏవయ్యా, బుద్ధుందా? సారు లెక్క రాసుకుంటున్నారు, కనబడట్లా? మధ్యలో అడ్డం నడిస్తే ఆయనకి లెక్క తప్పదూ? సాయంత్రం దాకా ఎవరూ కదలమాకండి!"

ఊరు కదల్లేదు. పిల్లల్ని బడికి కూడా పంపలేదు. ఎనిమిదింటికి ఇడ్లీ, పదకొండింటికి పునుగులు వచ్చాయి. మధ్యాహ్నం జైతూన్ బీ చేతి కోడిపలావు వచ్చింది. పెద్ద డేగిసా కోసం ఒకసారి, పుదీనా కోసం ఒకసారి, షర్బత్‌లోకి ఐసు కోసం ఒకసారి ఆవిడ మాత్రం అవతలికి వెళ్ళొచ్చింది. కొడుకు కేకలేస్తే, "నేను మెల్లిగా వెళ్తాన్లేరా, సారు లెక్కకి అడ్డం రాను" అంది.

రెండు గంటల వేళ సర్వే ఆయనకు విషయం అర్థమైంది. చెబుదామనుకున్నాడు కూడా. కానీ నోట్లో పలావు ఉంది. అది మింగేలోపు జైతూన్ బీ ఇంకో రెండు గరిటెలు వడ్డించింది. "తిను నాయనా, ఎండలో కూర్చునే ఉజ్జోగం" అంది. ఆర్డరు ఉండనే ఉంది. ఆయన తల వంచుకుని తిన్నాడు.

సాయంత్రం ఆరింటికి గీతలు కూడితే పదకొండు. పొరుగూరి నుంచి ముంజెలు అమ్మడానికొచ్చిన వాళ్ళవి అయిదు. మిగతా ఆరూ జైతూన్ బీవి. ఆయనకు దండం పెట్టి సాగనంపాక అవతలి వాళ్ళంతా తృప్తిగా దాటి ఇళ్ళకు వెళ్ళారు. అప్పటికి పెన్ను జేబులో ఉంది.

మర్నాడు అదే సర్వే నాలుగున్నర కిలోమీటర్ల అవతల జరిగింది. అక్కడ ఇల్లు లేదు, వాకిలి లేదు. చేపల చెరువు మాత్రం ఉంది. ఏడాదికోసారి జరిగే చేపల పట్టుబడి సరిగ్గా ఆ రోజే వచ్చింది. కూలీలు చెరువు నుంచి రోడ్డవతల లారీకి ట్రేలు మోస్తూ సాయంత్రం దాకా తిరిగారు. గీతలు ఆరువందల నలభై! అండర్‌పాస్ అక్కడ కట్టారు, యూటర్న్ కూడా అక్కడే ఇచ్చారు. చక్కటి అండర్‌పాస్. ఎండాకాలంలో గేదెలు పడుకుంటాయి, వానాకాలంలో నీళ్ళు పడుకుంటాయి. అవసరాన్ని బట్టి కట్టడమంటే ఇదే కదండీ!

డివైడర్ లేచాక సుభాని అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. నాలుగుసార్లు వెళ్ళాడు. ఒక్క సందు వదిలితే చాలన్నాడు. అక్కడి గుమాస్తా ఫైలు తిప్పి, "మీ ఊళ్ళో రోడ్డు దాటేవాళ్ళు పదకొండు మందే కదండీ" అన్నాడు.

"పదకొండా? ఎవరండీ ఆ పదకొండు మంది?"

"పేర్లుండవండీ. గీతలే ఉంటాయి."

ఇంటికొచ్చి తల్లితో చెప్పాడు. జైతూన్ బీ వేళ్ళ మీద లెక్కేసుకుంది.

"డేగిసాకి రెండు, పుదీనాకి రెండు, ఐసుకి రెండు. ఆరు నేనేరా. నేనింకో నాలుగుసార్లు తిరిగినా బాగుండేది."

"నేనే అందర్నీ ఆపానమ్మా" అన్నాడు సుభాని. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

ఆవిడ దిగులు వేరే ఉంది. భర్త అవతల ఖబరస్తాన్లో ఉన్నాడు. గుమ్మంలో మంచం వేసుకుంటే రోడ్డవతల ఆయన దగ్గరి వేపచెట్టు కనబడేది. ఇప్పుడు కడ్డీల సందుల్లోంచి చూడాలి. ఆ ఊళ్ళో జనాజా వెళ్తుంటే అందరూ భుజం పడతారు. నాలుగడుగులు మోసి పక్కవాళ్ళకిస్తారు. ఎవరి మతమేమిటని అడగరు. ఊరంతా ముట్టుకుంటే గానీ మనిషి వెళ్ళినట్టు కాదు.

"మీ నాన్న భుజాల మీద వెళ్ళాడ్రా" అనేది జైతూన్ బీ. "నన్ను వ్యానులో పడేసి చేపల చెరువు చుట్టూ తిప్పుతావా? ఎవరు పడతారు నాకు భుజం, ఆ డ్రైవరా?"

ఆవిడకు వయసు పెరుగుతోంది, దగ్గు పెరుగుతోంది. ఆఫీసులో ఫైలు మాత్రం పదకొండు దగ్గరే ఉంది.

మొన్న ఫాల్గుణంలో, ఒక శుక్రవారం తెల్లవారుజామున ఆవిడ పోయింది.

మసీదు వాళ్ళు వ్యాను తెప్పించారు. నిబంధనల ప్రకారం అదే పద్ధతి. నమాజు అయ్యాక జనాజా లేచింది. వ్యాను తలుపు తీసే ఉంది. మోస్తున్నవాళ్ళు దాని పక్కనుంచి తిన్నగా రోడ్డు మీదికి వెళ్ళారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. సుభాని ముందుంటే ఊరు వెనక నడిచింది. లారీలు ఆగాయి. ఒకతను గట్టిగా హారన్ కొట్టి, ఏమిటో చూసి, తలగుడ్డ తీసి దిగి వచ్చి తనూ భుజం పట్టాడు.

డివైడర్ దగ్గర జనాజా ఒక్క క్షణం ఆగింది. అవతలి పక్కనుంచి భాగ్యమ్మ మరిదీ, మిగతా మగవాళ్ళూ అప్పటికే వచ్చి కడ్డీల వెనక చేతులు చాచి నిలబడ్డారు. ఇవతలి చేతులు పైకెత్తి ఇచ్చాయి, అవతలి చేతులు అందుకున్నాయి. తర్వాత ముసలీ ముతకా అందరూ ఒకరి సాయంతో ఒకరు కడ్డీలెక్కి దిగారు. గుమ్మంలో నిలబడ్డ భాగ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. దాచుకోవడం దేనికి?

చూశారా? రోడ్డు దాటడం చెడ్డ అలవాటని మొదటే మనవి చేశాను. అంత ఖర్చు పెట్టి మాన్పించినా వాళ్ళు మానలేదు.

ఇంతకీ ఆ సర్వే ఆయన ఎవరని మీరు అడగొచ్చు. ఈ కాలమ్ మీద ఉన్న పేరే ఆయన పేరు. రిటైరయ్యాక రాతకోతలు మొదలుపెట్టాడు. ఆ రోజు పలావు మారు వడ్డిస్తే తిన్నవాణ్ణి నేనే. కబురు తెలిసి వెళ్ళాను. సుభాని నన్ను గుర్తుపట్టి, "సారు ఎండలో వచ్చారు, కుర్చీ వెయ్యండర్రా" అన్నాడు. నేను కూర్చోలేదు. నాలుగడుగులు నేనూ మోశాను.

చేతిలో ఫారం లేదు. జేబులో రాకేష్ శుభలేఖ కవరు ఉంటే దాని వెనక గీతలు గీశాను. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. ఆఫీసువారు దీన్నే నా సవరించిన నివేదికగా స్వీకరించి, పాత కాగితం స్థానంలో ఉంచవలసిందిగా ప్రార్థన.

స్థలం, ఉప్పుకాల్వ సెంటర్. సమయం, మధ్యాహ్నం రెండుంబావు నుంచి మూడుంబావు దాకా.

అటు దాటినవారు నాలుగు వందల పన్నెండు మంది.

తిరిగి ఇటు దాటినవారు నాలుగు వందల పదకొండు మంది.