బండికి సెల్ఫు బిగించాలె

గురువారం పొద్దున ఆరింటికే సోమశేఖర్ సంతోష్‌నగర్‌లోని తన ఇంటి వాకిట్లో, బండి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. పదింటికి భార్యతో బీదర్ బయలుదేరాలి. ఈలోగా చేయవలసిన పని ఒకటే. మీటర్ల పైన చిన్న షెల్ఫ్ ఒకటి బిగించాలి. దారి చూపే ఫోను, కళ్లద్దాలు, లక్ష్మీకాంతమ్మ బీపీ మాత్రల డబ్బా, అన్నీ దాని మీదే అమరిపోతాయి. షెల్ఫ్ డబ్బాతో వచ్చిన కాగితంలో ఇది పావుగంట పని అని రాసి ఉంది. పాపం, ఆ కాగితం రాసినవాడికి సోమశేఖర్ సంగతి తెలియదు.

ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి హోల్‌సేల్ చేసే మనిషి యాభై మూడో ఏట దూరప్రయాణాల మోటార్‌సైకిల్ కొనడం ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. ఆయనకు మాత్రం ఆ బండంటే ప్రాణం. ఏడాదిగా బతిమాలితే లక్ష్మీకాంతమ్మ ఇవాళ్టికి వెనక సీటు ఎక్కడానికి ఒప్పుకుంది. అదీ షరతు మీద.

"ఒక్కపాలి వచ్చి చూస్త. బండి ఏ లొల్లి పెట్టినా మా వైకుంఠానికి ఇచ్చేసుడే. వాడు ఇప్పటికి మూడుసార్లు అడిగిండు."

వైకుంఠం ఆమె తమ్ముడు. ఇవాళ బావ దుకాణం తనే చూసుకుంటానని, తాళాల కోసం పదింటికి వస్తానని చెప్పాడు. ఆ చెప్పడంలో ఉన్న హుషారు సోమశేఖర్‌కు నచ్చలేదు.

కాగితంలో మొదటి వాక్యం బ్యాటరీ వైరు తీసేయమంది. తీసేశాడు. రెండో వాక్యం నాలుగు మరలు విప్పమంది. ఒక్కటీ కదల్లేదు. అరగంట కుస్తీ పట్టి, వేలు చెక్కుకుపోయాక, మెకానిక్ భిక్షపతికి ఫోన్ చేశాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. సోమశేఖర్ ఇంట్లో మూడు తరాలుగా షెల్ఫును సెల్ఫు అనే అంటారు. తాత అన్నాడు, తండ్రి అన్నాడు, ఈయనా అంటాడు. మిర్చి దుకాణంలో దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. కానీ మెకానిక్కులకు సెల్ఫు అంటే ఒకటే అర్థం. బటన్ నొక్కగానే ఇంజన్‌ను తిప్పి లేపే మోటారు.

"భిక్షపతీ, బండికి సెల్ఫు బిగించాలె. జల్ది రా. పదింటికి బీదర్ పోవాలె."

"ఫికర్ చెయ్యకు సేటూ. పది నిమిషాలల్ల నీ ఇంటికాడ ఉంట."

సోమశేఖర్ నిశ్చింతగా స్నానానికి వెళ్లి, అటునుంచి అటే పూజకు కూర్చున్నాడు. భిక్షపతి వచ్చేసరికి వాకిట్లో లక్ష్మీకాంతమ్మ ఉంది.

"అమ్మా, సేటు చెప్పింది సెల్ఫు ముచ్చటేనా?"

"ఔ, సెల్ఫే. పొద్దుగాల్ల సంది దానితోనే కొట్లాడుతుండ్రు."

భిక్షపతి బటన్ నొక్కాడు. బండి ఉలకలేదు, పలకలేదు. మళ్లీ నొక్కాడు. "మొత్తానికే పోయిందమ్మా" అని తేల్చి స్పానర్ తీశాడు. లోపల సోమశేఖర్ గంట కొడుతూ, బయట స్పానర్ చప్పుడు విని, పని సాగుతోందని సంతోషించాడు.

నుదుట విభూతితో ఆయన బయటికి వచ్చేసరికి భిక్షపతి లేడు. షెల్ఫ్ డబ్బా పీట మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. సోమశేఖర్ ఫోన్ అందుకున్నాడు.

"భిక్షపతీ, ఏడున్నవ్? సెల్ఫు బిగించలేదేంది?"

"అది చచ్చింది సేటూ. మోటార్లు చుట్టే మహేందర్ దగ్గరికి తెచ్చిన, కొత్త తీగ చుట్టిద్దామని."

"చచ్చుడేంది? కొత్త సెల్ఫు గీడ డబ్బల ఉన్నది కదా!"

"కొత్తది తెచ్చినవా? ముందుగాల్నే చెప్పొద్దా! అయితే ఈ పాతదాన్ని మహేందర్‌కే ఇచ్చేస్త."

"ఇచ్చెయ్. పాతది నాకెందుకు?" అని ఫోన్ పెట్టేశాక, తనకు పాత షెల్ఫ్ ఎప్పుడుందా అని సోమశేఖర్ ఆలోచనలో పడ్డాడు. ఆలోచిస్తూ కిందికి చూశాడు. ఇంజన్‌కు పిడికిలి పట్టేంత రంధ్రం ఉంది. అందులోంచి ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"భిక్షపతీ! నా ఇంజన్‌కు పొక్క వడ్డది!"

"సెల్ఫు తీస్తే పొక్క వడదా సేటూ? కొత్తది పెడితే మూసుకుంటది."

సోమశేఖర్ డబ్బా వైపు చూశాడు, రంధ్రం వైపు చూశాడు. ఆ రెంటికీ ఎక్కడా చుట్టరికం కనిపించలేదు. అప్పుడు అర్థమైంది.

"నేనన్న సెల్ఫు ఆ సెల్ఫు కాదయ్యా! సామాను పెట్టుకునే సెల్ఫు!"

అవతల "మహేందర్ భాయ్, రుకో, రుకో!" అన్న కేక వినిపించింది. ఆ తర్వాత నీరసంగా భిక్షపతి గొంతు.

"లేటైంది సేటూ. తీగ మొత్తం పీకేసిండు. మంచిగనే ఉండెనట."

తొమ్మిదిన్నరకు భిక్షపతి ఆ మోటారు డొల్లను తెచ్చి, కనీసం ఆయిల్ కారకుండా రంధ్రానికి బిగించాడు. ఊడిన బ్యాటరీ వైరు కూడా అప్పుడే కంటపడింది. "ఇది తీసిందెవరు?" అన్నాడు. సోమశేఖర్ కాగితం చూపించాడు. బటన్ నొక్కినా బండి పలకకపోవడానికి కారణం అదేనని తెలిసి, భిక్షపతి గబగబా వైరు తగిలించేశాడు.

పదింటికి ఇస్త్రీ చొక్కాతో వైకుంఠం వచ్చాడు. లక్ష్మీకాంతమ్మ అంతా విని, కొంగు నడుముకు దోపుకుంది.

"అన్న మాటంటే మాటే. తమ్మీ, బండి నీదే. కాని నాకు బీదర్ నరసింహస్వామి మొక్కు ఉన్నది, ఇయ్యాల పోవాలె. సెల్ఫు లేదట, నూకు."

సోమశేఖర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. బండెక్కి హ్యాండిల్ పట్టుకున్నాడు. వైకుంఠం, తన బండే కదా అని, చొక్కా చేతులు మడిచి ఉత్సాహంగా నెట్టాడు. గల్లీ చివరిదాకా నెట్టాక ఇంజన్ అందుకుని, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"రోజూ గిట్లనే నూకాలెనా బావా?" వైకుంఠం రొప్పుతూ అడిగాడు.

ఆ ప్రశ్న విన్న క్షణంలో సోమశేఖర్ ముఖంలో కళ వచ్చింది. రెండోసారీ ఇంజన్ ఆగింది. మూడోసారీ ఆగింది. నాలుగోసారి చక్కగా అందుకుని గల్లీ మలుపు దాకా పోయింది కూడా. అక్కడ అది ఎందుకు ఆగిందో సోమశేఖర్‌కు ఒక్కడికే తెలుసు.

చెమటతో తడిసిపోయిన వైకుంఠం వాకిట్లోని మెట్టు మీద కూలబడ్డాడు. "అక్కా, నీకు దండం పెడత. ఉత్తగ ఇచ్చినా నాకొద్దు ఈ బండి."

తమ్ముడు కాకపోతే ఇంకెవరికి ఇవ్వాలన్నది షరతులో లేదు. లక్ష్మీకాంతమ్మ వెనక సీటు ఎక్కింది. ఈసారి భిక్షపతి ఒక్కడే నెట్టాడు. బండి మొదటి దెబ్బకే లేచింది. ఆపితే మళ్లీ లేవదన్న భయంతో దారిలో టీకి కూడా ఆగలేదు. బీదర్‌లో ఒకరు బండి పట్టుకుని నిలబడితే, ఇంకొకరు దర్శనం చేసుకుని వచ్చారు. "ఆపకుండ పోతె మంచిగనే ఉంటది" అని తిరిగివచ్చాక ఆమె ఒప్పుకుంది. సోమశేఖర్‌కు ఆ మాటతో కడుపు నిండిపోయింది.

మర్నాడు భిక్షపతి కొత్త మోటారు తెచ్చి బిగిస్తున్నాడు. సోమశేఖర్ ఆ పాడు మాట ఇక జన్మలో ఎత్తకూడదని ఒట్టుపెట్టుకున్నాడు. దుకాణానికి వెళ్తూ, షెల్ఫుకు అచ్చ తెలుగు మాట వెతికి పట్టుకుని, ఒక్కో అక్షరం విడమరిచి, "భిక్షపతీ, అర బిగించి పో" అన్నాడు.

భిక్షపతి సేటు మాట జవదాటే మనిషి కాడు, మరలన్నీ సగమే బిగించి వెళ్లిపోయాడు.