మీరయ్యాక ఆ పేజీ ఇటివ్వండి

వీడియో గేమ్ నుంచి నవలలోకి బదిలీ అయిన అంతరిక్ష సైనికుడు కెప్టెన్ జోరా, తన పుస్తకం చదవదగినదేనని ధ్రువపత్రం ఇప్పించమంటూ ఒక సోమవారం శాఖా గ్రంథాలయానికి వచ్చాడు. ఇలా రావడం అక్కడ కొత్తేమీ కాదు. అంతకుముందు వారమే ఓ డిటెక్టివ్ నవలలోని శవం వచ్చి, పని చూసుకుని వెళ్లింది.

గ్రంథపాలకురాలు శేషారత్నం అతన్ని కూర్చోబెట్టి పేపరు లోపలి షీటు చేతికిచ్చింది. ఆ గదికి వచ్చేది ఒకటే పేపరు. షీట్లు విడదీసి పంచుకుంటారు. ఒకరు చదువుతుండగానే పక్కవాళ్లు "మీరయ్యాక ఇటివ్వండి" అంటారు, అలా అడిగినవాళ్లకు కాదనడం అక్కడ లేదు. జోరా మాత్రం షీటు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"తిప్పు బాబూ" అందామె. తిప్పాడు. ఆటలోంచి వచ్చినవాళ్లకు ఎవరో ఒకరు చెబితేగాని చెయ్యి కదలదు, పాపం.

ధ్రువపత్రం రాకపోతే పుస్తకం తూకానికి పోతుంది, అతను తిరిగి ఆటలోకి పోవాలి. ధ్రువపత్రాలిచ్చే కమిటీ పెద్ద భాస్కరరామయ్య, రిటైరైన తెలుగు లెక్చరరు, అట్ట చూసి పుస్తకం పక్కన పడేశాడు.

"బటన్లు నొక్కే ఆటకి నాలుగు వాక్యాలు తొడిగితే నవలైపోతుందామ్మా? దీన్ని చదవడం కూడానా?"

జోరా నెమ్మదిగా చెప్పాడు. "ఆటలో మా చెల్లెలు ఇల్మా రోజూ చచ్చిపోతుందండి. నేను ఏడ్చేలోపే ఎవరో బటన్ నొక్కుతారు, లేచి వచ్చేస్తుంది. నవలలో ఒక్కసారే పోయింది. ఏడవడానికి నాకో పేజీ ఇచ్చారు. ఇంకా సగమే ఏడ్చాను."

నిబంధన ప్రకారం ఎవరో ఒకరు చివరిదాకా చదవాలి గనక శేషారత్నం చదివింది. వచనం అంతంతమాత్రం. అధ్యాయానికో పేలుడు. పేల్చే ముందు విలన్ చేసే ఉపన్యాసం పేలుడు కన్నా పొడుగు. ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె ఆగిపోయింది. తన చెల్లెలు చంద్రమతి పోయిన రోజున తనిఖీ ఉందని సెలవు దొరకలేదు. సాయంత్రం దాకా పుస్తకాలకు ముద్రలు వేస్తూనే ఉంది. తర్వాత ఏడుద్దామనుకుంది, ఆ తర్వాత ఎప్పుడూ వీలు కాలేదు.

"నీదయ్యాక ఆ పేజీ ఓసారి ఇటిస్తావా బాబూ?"

ఆ గది అలవాటు జోరా అప్పటికే నేర్చుకున్నాడు. తనది పూర్తి కాకపోయినా లేచి, పేజీలో తన చోటు ఆమెకిచ్చాడు. ఆమె కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, చెప్పులు కిందే విడిచి, పేజీలోకి వెళ్లింది. లోపల వాన పడుతున్నట్టుగా ఉంది. తన కుర్చీ ఖాళీగా ఉండకూడదని ఆమె చెప్పి వెళ్లింది గనక జోరా అందులో కూర్చున్నాడు.

పై అధికారి వచ్చి చూశాడు. ముద్ర వెయ్యమంటే జోరా వేస్తున్నాడు, ఆపమంటే ఆపుతున్నాడు, సెలవు ఊసెత్తడం లేదు. ఇలాంటి మనిషి దొరకడం అదృష్టమన్నాడు.

సంగతి ఊళ్లో పాకింది. కొడుకు పోయిన వారానికే బండెక్కిన బస్సు కండక్టరు వచ్చాడు. పరీక్షల డ్యూటీలో తల్లి చివరిచూపు దక్కని పంతులమ్మ వచ్చింది. అందరూ షీటు కోసం నిలబడ్డట్టే సర్దుకుని నిలబడ్డారు. చివరికి భాస్కరరామయ్య వచ్చి, ఎటో చూస్తూ, భార్య పోయినప్పుడు వచ్చినవాళ్లకు భోజనాలు చూసుకోవడంతోనే సరిపోయిందన్నాడు.

"వాళ్లయ్యాక నాకిమ్మని చెప్పు" అని, నిలబడే ధ్రువపత్రం మీద సంతకం చేశాడు. పుస్తకం చదవదగినదేనని తేలింది.

వెయ్యమంటే జోరా దానికి ముద్ర వేసి, వరసలో వెనకున్నవాళ్లు అడిగితే కుర్చీలు వేశాడు. మిగిలిన సగం ఏడుపు అతని గొంతులో అలాగే ఉంది. తన వంతు మళ్లీ ఎప్పుడని అతను అడగలేదు. అడగమని ఎవరూ చెప్పలేదు.