ఇరవై ఏడు రాని ఇల్లు

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ వెనక అద్దెకుంటున్న సూరిబాబు ఇంట్లో నెల ఇరవై మూడో తారీఖుతో అయిపోతుంది. ఆ రాత్రి పడుకున్నవాళ్ళు ఒకటో తారీఖు పొద్దున లేస్తారు. మధ్యలో రోజులు వాళ్ళకి రావు. ఇందులో వింతేమీ లేదు. పక్కింటివాళ్ళకి ఇరవై ఆరు దాకా వస్తాయి. మేడ మీద ఓనరుగారికి ముప్ఫై ఒకటీ నిండుగా వచ్చి, ఇంకో పూట మిగులుతుంది. దాన్ని ఆయన వడ్డీకి తిప్పుతాడని వినికిడి.

సూరిబాబు మార్కెట్లో కాటా గుమస్తా. రాని రోజులకి షావుకారు జీతం కోస్తాడు, కోసిన జీతంతో తర్వాతి నెల ఇంకాస్త పొట్టిదవుతుంది. పెళ్ళయిన కొత్తలో ఇరవై తొమ్మిది దాకా నడిచిన సంసారం అలాగే ఇక్కడికి దిగింది. దానికి ఆయన బాధపడలేదు. ఆయన బాధంతా కూతురు హాసిని గురించి.

పిల్ల పుట్టినరోజు ఆగస్టు ఇరవై ఏడు. ఆ తారీఖు ఇంటికి రాక మూడేళ్ళయింది కనుక పిల్ల ఇంకా ఆరేళ్ళదే. ఒకటో తరగతి నాలుగోసారి చదువుతోంది. గౌన్లు కొనే పని తప్పిందిలే అని ఇరుగుపొరుగు ఓదార్చారు. ఈసారి కూడా ఏడు నిండకపోతే పేరు తీసేస్తామని హెడ్మాస్టరు కబురంపాడు.

"ఏమండీ, ఖర్చుల యాప్ ఏదన్నా పెట్టుకోండి. ఊరంతా దాంతోనే లాగుతున్నారు," అంది భార్య అనంతలక్ష్మి.

వార్డు ఆఫీసులో తారీఖుల కౌంటరు ఉంది. జీతం చీటీ, కరెంటు బిల్లు, చింపకుండా మిగిలిన క్యాలెండర్ కాగితాలు జతచేసి అర్జీ పెట్టాలి. కౌంటర్లో గుమస్తా అన్నీ చూసి మూడు యాప్‌లు చూపించాడు.

ఆకుపచ్చది టీలు, ఆటోలు కొట్టేసి ఇరవై అయిదు దాకా తెచ్చింది. నీలంది పాలు, కేబులు, చుట్టాల్ని కూడా తీసేసి ఇరవై ఆరు సాయంత్రం అయిదింటి దగ్గర ఆగింది.

"ఇంకో ఏడు గంటలు ఎక్కడా దొరకవాండి?"

"దొరకవండి. ఇప్పటికే మీరు మీ అక్కగారికి చేసే ఫోన్లు కూడా లెక్కలో వేసేశాం."

మూడోది నారింజ రంగుది. అది ఖర్చుల్ని ముట్టుకోదు, మనుషుల్ని చూస్తుంది.

"మీ ఇంట్లో ఎక్కువ ఖర్చు మీరేనండి," అన్నాడు గుమస్తా. "పంతొమ్మిది లోపు రెండేసి షిఫ్టులు చేసేసి మీరు ఒకటో తారీఖు దాకా ఆగిపోతే జీతం కోతుండదు. ఆవిడకీ పాపకీ ఇరవై ఎనిమిది దాకా వచ్చేస్తుంది."

"అంటే పుట్టినరోజుకి నేనుండనాండి?"

"కేకు ఉంటుందండి. నొప్పేమీ ఉండదులెండి, మా నాన్నగారూ అలాగే ఆగేవారు."

సూరిబాబు మూడు ప్రతుల మీదా సంతకం పెట్టాడు.

ఆగస్టులో పిల్ల లేవకముందే వెళ్ళి, పడుకున్నాక వచ్చాడు. దుప్పటి బయట కనబడే పాదాలనే చూసుకుంటూ పంతొమ్మిది రోజులు గడిపాడు.

కళ్ళు తెరిచేసరికి సెప్టెంబరు ఒకటి. పిల్ల పక్క ఖాళీగా ఉంది. "బడికెళ్ళిందండీ. కేకు ముక్క మీకోసం దాచింది, పాడైపోతే నేనే పారేశాను. కొత్త గౌను మోకాళ్ళ దాకా కూడా రావట్లేదు," అంది అనంతలక్ష్మి. అంత సంతోషంగా ఆమె మాట్లాడి చాలా ఏళ్ళయింది.

షిఫ్టుకి ముందు పిల్లని ఒక్కసారి చూసుకుందామని ఆయన బడికి పరిగెత్తాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"నాన్నలా? ఆ లైనులో నిలబడండి."

గోడ పొడుగునా నలభై మంది దాకా ఉన్నారు. చొక్కాలు ఇస్త్రీ చేసుకుని, నిద్రమొహాలతో వచ్చారు. కిటికీ దగ్గర రిజిస్టరు పట్టుకున్నాయన ఒక్కొక్కరికీ పిల్లల తరగతి చెబుతుంటే, మర్చిపోకుండా అరచేతుల మీద రాసుకుంటున్నారు.

సూరిబాబు వంతు వచ్చింది.

"పాప పేరు?"

"హాసిని అండి. ఒకటో తరగతి."

"రెండండి," అన్నాడు కిటికీలో ఆయన, తల ఎత్తకుండానే. "తర్వాత."

"మొదట్లో అందరం తప్పే చెప్తామండి," అన్నాడు వెనక నిలబడ్డతను, తన పెన్ను అందిస్తూ.