ఉస్తా ఖమైస్ కూతురి కిటికీలు

నాబుల్ ఊళ్ళోకి వరద వచ్చి, జనం తమ తలుపులూ బల్లలూ పక్క వీధుల్లో వెతుక్కున్న ఏడు జరిగిన సంగతి ఇది. నీళ్ళు తీసి నెల తిరిగినా కిటికీలు ఉబ్బిపోయి ఒక్కటీ మూతపడటం లేదు. వడ్రంగి మేస్త్రీ, ఊరంతా ఉస్తా అని పిలిచే ఖమైస్ ఆ ఉదయం ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. పది గంటలకు వచ్చి అరవై కిటికీల పని ఖాయం చేస్తానని బడి హెడ్మాస్టరు మోంజీ కబురు పెట్టాడు. అది దక్కకపోతే కొట్టు మూసి అల్యూమినియం కిటికీల వాళ్ళ దగ్గర కూలికి పోవాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

పైగదిలో ఆయన కూతురు దోర్సాఫ్ కూడా కిటికీలే చేస్తుంది. ఆమెవి కంప్యూటర్ తెర మీద తెరుచుకునేవి. ఆటలూ బొమ్మల ప్రోగ్రాములూ రాసేవాళ్ళకు ఏ రకం కంప్యూటర్‌లోనైనా ఒక కిటికీ తెరిచిపెట్టి, అందులో ఎవరు మీట నొక్కినా, మౌసు కదిపినా పట్టి చెప్పే ప్రోగ్రాము ఆమె రాసేది. దాన్ని లైబ్రరీ అంటారు. దేశదేశాల వాళ్ళు రెండువందల మంది కలిసి రాస్తారు, ఊరికే ఇస్తారు. కూతురు లైబ్రరీలో పనిచేస్తోందని ఖమైస్ నాలుగేళ్ళుగా అందరికీ చెబుతున్నాడు.

ఆ లైబ్రరీ కొత్త కూర్పు విడుదలవుతోందని ఎనిమిదింటికి ఊరి రేడియో ఆమెను ఫోన్లో మాట్లాడించింది. కంప్యూటర్ సంగతి ఆమె మొదట్లోనే చెప్పింది. సరిగ్గా అప్పుడే రొట్టెల కొట్టులో పిండి కలిపే యంత్రం రేడియో మాటలను మింగేస్తూ గరగర తిరుగుతోంది. అది ఆగాక అక్కడ వరసలో నిలబడ్డవాళ్ళ చెవిన పడింది ఇదీ:

"మా కిటికీలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఏదైనా చెడితే మాకు చెప్పండి, బాగుచేస్తాం."

మాట్లాడింది ఉస్తా ఖమైస్ గారి అమ్మాయని రేడియో అతను ముక్తాయించాడు.

తొమ్మిదింటికి ఎదురింటి ముసలావిడ లల్లా మన్నూబియా వచ్చింది. చేతిలో రెండు ముళ్ళు వేసిన దారం. ఒక ముడి పొడుగుకి, ఒకటి వెడల్పుకి. తనకు అత్యాశ లేదని, వంటింటికి ఒక్కటి చాలని చెప్పింది. ఖమైస్ ధర చెప్పబోతే నవ్వింది.

"నా దగ్గర దాపరికం ఎందుకు ఉస్తా? నీ కూతురు రేడియోలో చెప్పనే చెప్పింది."

ఆమె వెనకే మిరపకాయల శాద్లీ, ఇరవై ఏళ్ళ కిందట ఖమైసే చేసిన కిటికీ రెక్కను భుజాన వేసుకుని వచ్చాడు. బాగుచేస్తామన్నారటగా అన్నాడు. తర్వాత వీధి వీధంతా వచ్చింది. నీలం రంగు కూడా ఉచితమేనా అని ఒకరు అడిగారు. ఇంకొకాయన, లైబ్రరీ కదా, ఎన్నాళ్ళలో తిరిగివ్వాలని అడిగాడు.

పదింటికి మోంజీ వచ్చి వరసను చూశాడు. సంగతి విన్నాడు. గొంతు తగ్గించాడు.

"ఊరికే ఇచ్చేవాటికి బడి డబ్బు కట్టానంటే పైవాళ్ళకేం చెప్పను ఉస్తా?"

ఖమైస్ చెవులు ఎర్రబడ్డాయి. కూతుర్ని కిందికి పిలిచాడు. దోర్సాఫ్ కంప్యూటర్ పట్టుకొచ్చి అందరి ముందూ తన కిటికీ తెరిచింది. నల్లటి గడి ఒకటి కనబడింది. మన్నూబియా తెర వెనక్కి వెళ్ళి చూసి, గాలి ఎటునుంచి వస్తుందని అడిగింది. గాలి రాదని, ఎవరు వేలు పెట్టినా ఇట్టే తెలుస్తుందని దోర్సాఫ్ చెప్పింది.

"అయితే అది మా కోడలి గదికి పెట్టు," అంది మన్నూబియా.

జనం నవ్వారు గాని కదల్లేదు. వచ్చినవాళ్ళు వచ్చారు, ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి. ఖమైస్ కూతుర్ని పక్కకు లాగాడు.

"ఊరికే ఇచ్చేస్తే మీవాళ్ళు ఏం తింటారే?"

"మేమిచ్చేది చేసే విధానం నాన్నా. తీసుకున్నవాళ్ళు కూర్చుని పని చేసుకోవాలి. చాలామందికి కుదరదు. అప్పుడు మమ్మల్నే పిలిచి జీతమిస్తారు."

 ఖమైస్ గోడ మీంచి ఒక పాత చెక్క పలక దించాడు. నలభై ఏళ్ళుగా ఆయన చేసే కిటికీ కొలతలన్నీ దాని మీదే గీసివున్నాయి. దాన్ని పని బల్ల మీద పెట్టాడు.

"ఇది నా లైబ్రరీ. ఊరికే తీసుకోండి. రంపం అదిగో, చెక్క ఇదిగో."

జనం సంతోషంగా ఎగబడ్డారు. ఒకరు కోస్తే ఒకరు పట్టారు, ఇద్దరు పాటందుకున్నారు. అరగంటలో శాద్లీ తన చొక్కా చెయ్యిని చట్రానికి కలిపి మేకు కొట్టేసుకున్నాడు. మన్నూబియా దారం పట్టుకుని అందరికీ పని చెబుతూ, ఆ దారం మీదే రంపం నడిపించింది. మోంజీ కోటు విప్పి చెమటలు కక్కుతూ చిత్రిక పట్టాడు. చివరికి ఆయన చట్రానికి ఐదు మూలలు వచ్చాయి. ఆయన లెక్కల మాస్టారు.

కొట్టంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మోంజీ కూడా నవ్వి, గడ్డంలోని చెక్కపొట్టు దులుపుకుని, కోటు తొడుక్కున్నాడు.

"అరవై ఉస్తా. నాలుగేసి మూలలవి. కాగితం తెస్తే సంతకం పెడతాను."

వరస మళ్ళీ కట్టారు, ఈసారి బేరానికి. శాద్లీ తన చట్రంతో సహా నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే ఖమైస్ ఆ పలకను కొట్టు బయట గోడకు మేకులతో బిగించి, కింద సుద్దతో పెద్ద అక్షరాల్లో 'ఉచితం' అని రాసి, లోపలికెళ్ళి ఇద్దరు పనివాళ్ళను కొత్తగా పెట్టుకున్నాడు.