కుర్చీ కాని వస్తువులు

"కొత్త ఊరికొచ్చి, ఇక్కడ చేసే పనితో ఇక్కడి ఖర్చులు గడవని మనిషి ఒక్కడు మిగిలి ఉన్నా సరే, నేను కుర్చీలో కూర్చోను!"

మంత్రిగారు ఈ ప్రతిజ్ఞ చేసినప్పుడు మైకు ముందు నిలబడే ఉన్నారు. కాబట్టి అమలు అప్పటికప్పుడే మొదలైపోయినట్టు లెక్క. ఇంత వేగంగా అమలైన పథకం మా శాఖ చరిత్రలో మరొకటి లేదు.

నేను వలసదారుల జీవనోపాధి శాఖలో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాను. ఆ ఉపన్యాసం టైపు చేసింది నేనే. ఉన్నమాట చెప్పాలంటే నేను టైపు చేసింది "నిద్రపోను" అని. నిద్ర సంగతి ఎవరొచ్చి చూస్తారు లెమ్మని మంత్రిగారి పీఎస్ గారు అలా రాయించారు. చప్పట్లు చూసి మంత్రిగారికి ఊపొచ్చింది, సొంతంగా మార్చేశారు. పక్కనే ఉన్న పీఎస్ గారు నుదురు కొట్టుకున్నారు. జనం దాన్ని ఆనందం అనుకున్నారు.

ఆ చప్పట్లలో మా బావమరిదివి కూడా ఉన్నాయి. అతను వడ్రంగి. వాళ్ల ఊళ్లో జనం రెడీమేడ్ తలుపులు కొనడం మొదలుపెట్టాక పని లేక, ఉలీ రంపం సంచిలో సర్దుకుని, ఆరో నెల కడుపుతో ఉన్న భార్యను వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చాడు. మా హాల్లో దిగాడు. హాలంటే మంచానికీ టీవీకీ మధ్య జాగా. వాళ్ల పరుపు చుట్ట అక్కడ పడ్డాక వార్తలు చూడాలంటే మెడ సాచాల్సి వచ్చేది.

"అన్నయ్యా, మీ ఇంట్లో మాకు ఏ లోటూ లేదు. అదే బాధగా ఉంది," అంది బావమరిది భార్య, నాకు చెల్లెమ్మ వరస, ఒకరోజు బియ్యం ఏరుతూ. "కాన్పు నాటికి మాకంటూ ఒక్క గది ఉంటే చాలు."

పక్క వీధిలో మేడ మీద గది చూసుకున్నారు. కిటికీ ఉంది, నీళ్లొస్తాయి. మేడ ఇల్లుగలావిడ ఒకటో తారీఖు దాకా ఆగుతానంది. ఆ తర్వాత ఆగనని కూడా అంది. గది దొరక్కపోతే మళ్లీ ఊరికే పోవాలి. ఊళ్లో గది ఉంది, పని లేదు.

నేను స్వయంగా వెంటబెట్టుకెళ్లి మా శాఖ కౌంటర్లో నిలబెట్టాను. సలహాదారు గారు చాలా సహృదయులు.

"ఏం పని వచ్చు?"

"వడ్రంగం సార్."

"భేష్. ప్యాకింగులో ఖాళీ ఉంది." జీతం చెప్పారు.

"సార్, అది గది అద్దెకే సరిపోతుంది."

"సరిపోతుంది అన్నావుగా, రాసుకుంటున్నా."

"మరి తిండి సార్?"

"తిండి వేరే కాలమ్. ఇదిగో చూడు, నువ్వు గదిని రోజంతా అద్దెకు తీసుకుంటున్నావు. పగలంతా పనిలో ఉంటావు కదా, పగటి అద్దె దండగ కాదూ?"

"మా ఆవిడ ఉంటుంది సార్ ఇంట్లో."

"అలా చెప్పు! అంటే సమస్య నీ వైపే ఉంది."

సమస్య దొరికిపోయినందుకు ఆయన సంతోషించి ఫైలు మూసేశారు. బావమరిది పన్నెండు రోజులు ఆ ప్యాకింగు చేశాడు. పోనూ రానూ నాలుగు బస్సులు. పన్నెండో రోజు ఇంటికొచ్చి, "బావా, ఈ పని మానేస్తే బస్సు ఖర్చన్నా మిగులుతుంది," అన్నాడు. మా ఆవిడ వాడి మొహం చూసి ఏడ్చినంత పని చేసింది. నాకూ ఏడుపొచ్చింది గానీ, ప్రభుత్వోద్యోగిని కాబట్టి బయటపడలేదు.

ఈలోగా ఆఫీసులో మంత్రిగారి మోకాళ్లు వాచాయి.

ఎదురు పార్టీ పత్రికవాళ్లు కిటికీల దగ్గర కెమెరాలతో కాపు కాశారు. మంత్రిగారు కూర్చుంటే ఫోటో తీద్దామని. ఆయన కూర్చుంటేగా! మంత్రి నిలబడితే సెక్రటరీ కూర్చోలేడు. సెక్రటరీ నిలబడితే మేమెంత? కుర్చీలన్నీ స్టోరుకు పోయాయి. నేను బీరువా మీద కంప్యూటరు పెట్టుకుని, చేతులు పైకెత్తి టైపు చేశాను. చూసినవాళ్లు ఎవరో నన్ను తుపాకీతో బెదిరిస్తున్నారనుకునేవారు.

పదిహేనో రోజు పీఎస్ గారు లా ఆఫీసర్ని పిలిపించారు.

"కుర్చీ అంటే ఏంటయ్యా?"

"కొనుగోలు నిబంధనల ప్రకారం సార్, కూర్చునే పలక, వీపుకు ఆనే పలక, నాలుగు కాళ్లు ఉన్నది."

"మూడు కాళ్లుంటే?"

"అది కుర్చీ కాదు సార్."

"మరేంటి?"

"దానికి నిర్వచనం లేదు సార్."

"నిర్వచనమే లేనిదాన్ని ఎవడు తప్పు పడతాడయ్యా!"

అప్పుడు నేను గొంతు సవరించుకుని, "సార్, మా బావమరిది ఒకడున్నాడు," అన్నాను. ఆ మాట అనడంలో నాకు దేశసేవ తప్ప వేరే ఉద్దేశం లేదు. హాలు ఖాళీ అవుతుందన్నది కూడా కొంత ఉంది.

మూడు రోజుల్లో మొదటి వస్తువు వచ్చింది. మూడు కాళ్లు, ఏటవాలు పలక, మెత్తటి దిండు. మంత్రిగారు దాని మీదకు జారగానే ఆయన నోట్లోంచి ఒక నిట్టూర్పు వెలువడింది. ఆ శాఖ చేపట్టాక ఆయన మనస్ఫూర్తిగా చేసిన మొదటి ప్రకటన అదే.

కిటికీ బయట నుంచి విలేకరి అరిచాడు. "సార్, కూర్చున్నారా?"

"లేదు. ఆనుకున్నాను."

ఫైల్లో దానికి 'నిలుచుటకు సహాయక సాధనం' అని పేరు పెట్టాం. అక్కణ్ణించి మా బావమరిదికి ఊపిరి సలపలేదు. భోజనాల బల్ల దగ్గరకొకటి. సమావేశాల గదికొకటి. ఇంటి వరండాలోకి, కాళ్లు చాపుకుని నిలబడే సాధనం ఒకటి. దాంట్లో మంత్రిగారు మధ్యాహ్నం రెండు గంటలసేపు గురక పెడుతూ నిలబడేవారు. తర్వాత సెక్రటరీకి, డైరెక్టర్లకు, జాయింటు డైరెక్టర్లకు, హోదాను బట్టి ఎత్తు. చివరికి నా వంతు వచ్చింది. నాది రెండు కాళ్లది. మిగతా రెండు కాళ్లు నావే వాడుకోవాలి.

బావమరిది ఒకటో తారీఖుకు రెండు రోజుల ముందే మేడ మీది గదిలో చేరాడు. మా వీధి చివరి షెడ్డులో పొద్దస్తమానం చిత్రిక పడుతూ, పొట్టు కాళ్లకింద కుప్పపడుతుంటే, చెవిలో పెన్సిలు పెట్టుకుని పాటలు పాడేవాడు. పాట వాడికి రాదు. అయినా నేను ఆగి వినేవాణ్ణి.

"అన్నయ్యా, అద్దె కట్టేశాం, సరుకులొచ్చాయి. నెలాఖరొస్తోందంటే భయం వెయ్యట్లేదు!" అంది చెల్లెమ్మ. ఆ మాట అంటున్నప్పుడు దాని మొహం చూసి తీరాలి.

అన్నీ సవ్యంగా ఉన్నప్పుడే ప్రతిజ్ఞకు వందరోజుల పండగ వచ్చిపడింది. విలేకరుల సమావేశంలో ఎవడో అడిగాడు. "సార్, ఎంతమందికి ఖర్చులకు సరిపడే పని దొరికింది?"

మంత్రిగారు పీఎస్ వైపు చూశారు. పీఎస్ సెక్రటరీ వైపు, సెక్రటరీ డైరెక్టరు వైపు, ఆయన మరొకరి వైపు. ఆ చూపు అంచెలంచెలుగా దిగి నా దగ్గరకొచ్చింది. నా కింద ఎవరూ లేకపోవడంతో నేను రికార్డులు తిరగేశాను. దరఖాస్తులు డెబ్బై వేలు. సలహా పొందినవారు డెబ్బై వేలు. ఖర్చులకు సరిపడే పని దొరికినవారు ఒకరు.

"ఒకరా!" అన్నారు పీఎస్ గారు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన నన్ను కావలించుకున్నారు. "ఒకరు ఉన్నారా! నేను సున్నా అనుకున్నానయ్యా!"

మర్నాడు పత్రికలన్నిటిలో ప్రకటన. ప్రతిజ్ఞలో చెప్పిన ఆ 'ఒక్కడి'కీ ఖర్చులకు సరిపడే పని దొరికింది, మంత్రి మాట నెగ్గింది. రాబోయే సోమవారం కుర్చీ స్వీకారోత్సవం. ఆ కుర్చీని పథకం లబ్ధిదారు స్వహస్తాలతో చేస్తాడు. టేకు చెక్క, నాలుగు కాళ్లు, ఎత్తైన వీపు.

బావమరిదిని పిలిపించి పీఎస్ గారు శాలువా కప్పారు. వాడు శాలువాలోంచి అడిగాడు.

"సార్, ఈ కుర్చీ అయ్యాక మిగతా సాధనాల ఆర్డర్లు?"

"ఇంకా ఎందుకయ్యా? మంత్రిగారు కూర్చుంటే అందరూ కూర్చుంటారు. స్టోరులో కుర్చీలున్నాయి."

"మరి నా పని?"

"పని దొరికింది కదా నీకు?"

"ఈ కుర్చీతో అయిపోతుంది కద సార్."

"దొరికిందా లేదా?"

"దొరికింది సార్."

"మరి!"

"అది పోయాక మళ్లీ కౌంటర్లో దరఖాస్తు పెట్టుకోవచ్చా సార్?"

లా ఆఫీసర్ తల అడ్డంగా ఊపారు. పని దొరికినట్టు రికార్డయినవాడు పని లేదని దరఖాస్తు పెడితే, తప్పుడు సమాచారం కింద కేసు అవుతుందట. బావమరిది శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకుని వచ్చేశాడు. చెల్లెమ్మకు అప్పటికి తొమ్మిదో నెల. పని పోతున్న సంగతి ఇంట్లో చెప్పొద్దు బావా అన్నాడు. నేను మా ఆవిడకు మాత్రమే చెప్పాను, కాబట్టి పావుగంటలో చెల్లెమ్మకు తెలిసిపోయింది. అది గది గోడకు కొట్టిన మేకుకు తగిలించిన సంచులు ఒక్కొక్కటే దించి మళ్లీ తగిలించింది.

ఆదివారం షెడ్డుకెళ్లాను. కుర్చీ సిద్ధంగా ఉంది. అద్దంలా మెరుస్తోంది. వాడు పాడటం లేదు.

"మేకులేవీ కనపడవేంరా?"

"మంచి పనికి ఇనప మేకులు వాడరు బావా. గాడి తీసి కలిపి, చెక్క చీలలు దిగ్గొడితే వందేళ్లుంటుంది."

"జిగురు?"

"చీలలుంటే జిగురెందుకు బావా," అన్నాడు కుర్చీ కాలు నిమురుతూ.

సోమవారం సభ కిటకిటలాడింది. వేదిక మీద మా బావమరిది శాలువాతో నిలబడ్డాడు. వంద రోజులు కుర్చీ ఎరగని త్యాగమూర్తి అని మంత్రిగారిని నలుగురు పొగిడారు. ఆయన లేచి, అంటే తన సాధనం మీంచి లేచి, రెండు చేతులూ జోడించి, కొత్త కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నారు. కెమెరాలు మెరిశాయి. ఒక్క క్షణం అంతా దివ్యంగా ఉంది. తర్వాత మంత్రిగారు వీపు వెనక్కి వాల్చారు.

కుర్చీ విరగలేదు. ఆ మాట నేను ప్రమాణం చేసి చెప్పగలను. విడిపోయింది. నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు మర్యాదగా తప్పుకున్నాయి. మంత్రిగారు నేల మీద కనిపించారు.

 మరొకరైతే ఏడ్చేవారు. మా మంత్రిగారు ముప్పై ఏళ్ల అనుభవజ్ఞులు. కూర్చున్నచోటి నుంచే మైకు అందుకున్నారు.

"కూర్చోబోయాను! కానీ పని దొరకని లక్షలాది మంది నా కళ్లముందు కదిలారు! నా మనసొప్పలేదు! అందరికీ దొరికేదాకా ఈ మనిషి కుర్చీ ఎక్కడు!"

పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. పీఎస్ గారు మళ్లీ నుదురు కొట్టుకున్నారు.

మర్నాడు విచారణ. పీఎస్ గారు పళ్లు నూరుతున్నారు. "ఆ వడ్రంగి గాణ్ణి బొక్కలో తోయండి! కుర్చీలో లోపం ఉందని రాయండి!"

లా ఆఫీసర్ నెమ్మదిగా అన్నారు. "రాయొచ్చు సార్. లోపం ఉందంటే వాడికి పని రాదని. పని రాదంటే వాడికి మనం పని చూపించడం తప్పని. అప్పుడు వాణ్ణి జాబితాలోంచి తీసెయ్యాలి."

"తీసెయ్యండి!"

"తీసేస్తే జాబితాలో ఎంతమంది సార్?"

పీఎస్ గారు తన మూడు కాళ్ల సాధనం మీద చతికిలపడ్డారు. "కుర్చీలో లోపం లేదు," అన్నారు.

"మరి మంత్రిగారు పడిపోయిన విషయం?"

"పడలేదు. దిగారు."

అలాగే టైపు చేశాను. ప్రతిజ్ఞ కొత్తది కాబట్టి సాధనాలు కూడా కొత్తవి కావాలని, నలభై ఒక్కదానికి అదే రోజు ఆర్డరు వెళ్లింది. నాది మాత్రం పాతదే, రెండు కాళ్లదే ఉంచారు.

పది రోజుల తర్వాత పాపను చూడటానికి నేనూ మా ఆవిడా మేడ మీది గదికి వెళ్లాం. కిటికీ పక్కన కొత్త తొట్టెల. పాప హాయిగా నిద్రపోతోంది. ఊపి చూశాను. కిర్రుమనలేదు. తొట్టెలంతా మామూలు చెక్కే గానీ, నాలుగు మూలలా బిగించిన చీలలు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

"ఇవి టేకువి కదరా?"

"అవును బావా. ఏదో పనిలో మిగిలాయి."

"ఎన్ని మిగిలాయేంటి?"

"నాలుగే."

చెల్లెమ్మ నవ్వుతూ గదిలో ఉన్న ఒక్కగానొక్క కుర్చీ నా ముందుకు లాగింది. నాలుగు కాళ్లు, వీపు, అన్నీ ఉన్నాయి. "అన్నయ్యా, నిలబడే ఉన్నారేంటి, కూర్చోండి."

నేను వంగి, కుర్చీ కింద తల పెట్టి చూశాను. చీలలన్నీ ఉన్నాయి. కూర్చున్నాను.