స్వీడన్ సినిమాకు అరవై మంది

శనివారం పొద్దున సత్యవాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. సింగపూర్ టాంపినీస్‌లో రైలెక్కాలి, పాయా లేబర్‌లో దిగాలి, తొమ్మిదింటి ఆటకు ఒక స్వీడన్ సినిమా చూడాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి పప్పుచారు పెట్టుకోవాలి. పథకం చిన్నదైనంత మాత్రాన దేవుడు ఊరుకుంటాడా?

ఆమె బ్యాంకులో పై అధికారి ఆస్ట్రిడ్‌ది స్వీడన్. ఆవిడ తల్లి బ్రిటాకు డెబ్బై ఎనిమిదేళ్లు. కూతుర్ని చూడడానికి వచ్చింది, సోమవారం వెళ్లిపోతోంది. పెళ్లాం వదిలేసిన ఒక బస్సు డ్రైవరు గోడు వాళ్ల దేశంలో టీవీలో పదకొండేళ్లు నడిచింది. ఆ సీరియల్ అంటే బ్రిటాకు ప్రాణం. ఇప్పుడు దాన్నే సినిమాగా తీశారు. ముసలావిడకు చూపు తగ్గిపోతోంది, పెద్ద తెర మీదైతేనే మనుషులు ఆనుతారు. కానీ ఎనభై టికెట్లు తెగితేనే ఆట వేస్తామన్నారు హాలువాళ్లు. సింగపూరంతా గాలిస్తే స్వీడన్ వాళ్లు ఇరవై మంది తేలారు. ఆస్ట్రిడ్ దిగులు చూడలేక, మిగతా అరవై మందిని తాను తెస్తానని సత్యవాణి మాటిచ్చేసింది.

ఆ భారం భర్త విశ్వనాథం నెత్తిన పడింది. సినిమా పేరు రాస్తే ఒక్క పురుగు కూడా రాదని ఆయనకు తెలుసు. అందుకే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో శనివారం పొద్దున స్పెషల్ షో అనీ, అరవై మందికే చోటుందనీ మాత్రం పెట్టాడు. ఆ వారమే మన పెద్ద హీరో సినిమా విడుదలవుతోంది. ఇరవై నిమిషాల్లో అరవై పేర్లూ నిండిపోయాయి. చూశావా మన పలుకుబడి అన్నట్టు ఆయన భార్య వంక చూశాడు.

హాలు ముందుకొచ్చేసరికి సత్యవాణి ఠక్కున ఆగిపోయింది. గ్రూపులోని డెబ్బై ఏళ్ల రాజారావు హీరో బొమ్మున్న టీషర్టు వేసుకుని, చించిన కాగితాల సంచీతో నిలబడి ఉన్నాడు. తారాదేవి గిన్నెడు పులిహోర తెచ్చి, అక్కడి బల్లలన్నిటి మీదా టిష్యూ పొట్లాలు పెట్టి, సింగపూర్ వాళ్లలా చోటు పట్టేసి చోప్ చేసేసింది. కుర్రకారు ఈలలు సరిచూసుకుంటున్నారు. ఓ మూల బ్రిటా కొత్త నీలం గౌను వేసుకుని, చేతికర్ర పట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఏమండీ, ఏం సినిమా అని చెప్పారు వీళ్లకి?"

"నేనేం చెప్పలేదే" అన్నాడు విశ్వనాథం. అబద్ధం కాదు. వచ్చిన చిక్కల్లా అదే.

టికెట్ల కిటికీ ఇంకా తెరవలేదు. నిజం చెబితే అందరూ ఇంటిదారి పడతారు, ఆట రద్దవుతుంది. లోపలికి తోసేస్తే దీపాలారాక వాళ్లే తెలుసుకుంటారని విశ్వనాథం సలహా. సత్యవాణికి మనసొప్పలేదు. నలుగురి మధ్యకూ వెళ్లి నిలబడింది.

"అంకుల్, ఇది మన సినిమా కాదండీ. అదిగో, ఆ పెద్దావిడ సినిమా. ఆవిడకి చూపు పోతోంది. మీరెళ్లిపోతే ఆట ఆపేస్తారు. తప్పు మాదే, ఇక మీ ఇష్టం."

రాజారావు తన సంచీ వంక చూసుకున్నాడు. పాపం, రెండు రోజులు కూర్చుని చించాడు.

"హీరో ఏం చేస్తాడమ్మా?"

"బస్సు డ్రైవరండీ."

"మా నాన్న ఆర్టీసీలో ముప్పై ఏళ్లు తోలాడు" అన్నాడు రాజారావు. "పదండర్రా లోపలికి."

తెర మీద బట్టతల డ్రైవరు బస్సు దిగాడో లేదో, హాలు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు, కాగితాల వాన. స్వీడన్ వాళ్లు కొయ్యబారిపోయారు. ఆస్ట్రిడ్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. అంతలో బ్రిటా కర్ర ఊతంతో మెల్లగా లేచింది. అలిగి వెళ్లిపోతోందనుకుని, ఇక తన పని అయిపోయిందనుకుంది సత్యవాణి. ముసలావిడ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, కుర్రకారు సిగ్గుపడేటంత ఈల వేసింది.

ఆట అయ్యాక ఆవిడ సత్యవాణి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. ఆస్ట్రిడ్ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది: "పదకొండేళ్లు గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఇతన్ని చూశాను. చప్పట్లు కొట్టాలని ఎన్నిసార్లు అనిపించిందో. ఒక్కదాన్నే ఎలా కొట్టను?"

సత్యవాణికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. కళ్లు తుడుచుకుని చూస్తే, స్వీడన్ వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని నేల మీది కాగితాలు ఏరుతున్నారు. సిగ్గేసి మనవాళ్లూ వంగారు. తాను ఎగరేసిన కాగితాన్ని తానే ఏరడం డెబ్బై ఏళ్లలో రాజారావుకు అదే మొదటిసారి.